నీళ్లు తీశాయి.. చప్పుడు మొదలైంది!

వరద నీళ్లలోంచి బయటపడ్డ కారు వారం తిరక్కుండానే గుయ్‌మంటుంది, టకటకమంటుంది, కీచుమంటుంది. ఏ చప్పుడును వదిలేయొచ్చు? ఏది వినపడితే తాళం తీసి జేబులో వేసుకోవాలి?

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు విజయవాడ మీద పడింది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీల్లో వీధులు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. సీట్ల దాకా మునిగిన కార్లను నీళ్లు తీశాక రికవరీ బండ్లు వరసగా షెడ్లకు లాక్కెళ్లాయి. వాటికి ఏమైందో చూడగానే తెలుస్తుంది. సీట్ల మీద బురద, తలుపు మీద నీటి గీత, లోపల కుళ్లు వాసన.. ఎవరూ వాటిని తాళం వేసి నడపబోరు.

చిక్కంతా రెండో రకం కార్లతోనే. మోకాలి లోతు నీళ్లలోకి దిగి, ఎలాగో అవతలి గట్టు చేరి, నడుచుకుంటూ ఇంటికొచ్చిన కార్లవి. ఇలాంటివాటికి పెద్ద వరదే రానక్కర్లేదు. హైదరాబాద్‌లో గంటసేపు గట్టి వాన పడితే మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద, టోలిచౌకి నదీమ్ కాలనీలో ఇదే దృశ్యం. 2022 సెప్టెంబరులో బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు చెరువైనప్పుడు అక్కడి తెలుగు ఐటీ ఉద్యోగులూ ఈ అనుభవం చవిచూశారు. ఇల్లు చేరాక యజమాని ఓ నీళ్ల పైపు పట్టి బురద కడిగేసి, గండం గడిచిందనుకుంటాడు. మర్నాడు బ్రేకు తొక్కితే గరగర. వారానికి అరవై స్పీడులో గుయ్‌మని మోత. నెలకు మలుపులో టకటక.

ఈ చప్పుళ్లన్నీ ఒకటి కావు. చెవులు చిల్లులు పడేంత గోల చేసేవాటిలో చాలామటుకు వందల రూపాయలతో, ఒక్కోసారి పైసా ఖర్చు లేకుండానే పోతాయి. పాట పెట్టుకుంటే వినపడనంత సన్నగా మొదలయ్యేవే ఇంజిన్‌నో గేర్‌బాక్స్‌నో మింగేస్తాయి. ఆ తేడా పట్టుకోవడానికి మెకానిక్ కానక్కర్లేదు. ఓ పద్ధతి ప్రకారం వింటే చాలు.

నీళ్లు లోపలికి ఎలా వెళ్తాయి?

మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే స్విఫ్ట్ కారు అడుగు భాగానికీ నేలకూ మధ్య ఎడం 163 మిల్లీమీటర్లు. అంటే జానెడు కూడా లేదు. నీళ్లు చీలమండ దాటాయంటే సైలెన్సర్, గేర్‌బాక్స్ అడుగు, యాక్సిళ్లు, బ్రేకులు తడిసినట్టే. దానికి తోడు కారు ముందుకు దూసుకెళ్తుంటే బంపర్ ముందు అల లేస్తుంది. ఆగి ఉన్నప్పుడు మోకాలి లోతున్న నీళ్లు, వేగంగా వెళ్తే బానెట్ అంచుకు కొడతాయి. ఇంజిన్ గాలి పీల్చుకునే గొట్టం చాలా కార్లలో అక్కడే, రేడియేటర్ పైభాగంలో ఉంటుంది.

కన్నాలున్న చోటే నీళ్లు వెళ్తాయనుకుంటే పొరపాటు. నడిచిన కారులో గేర్‌బాక్స్, వీల్ బేరింగులు వేడిగా ఉంటాయి. లోపలి గాలి కూడా వేడెక్కి వ్యాకోచించి ఉంటుంది. ఒక్కసారిగా చల్లటి నీళ్లలో దిగితే ఆ గాలి ముడుచుకుపోతుంది. లోపల ఒత్తిడి తగ్గి, బయటి నీటిని సీళ్ల అంచుల్లోంచి, గేర్‌బాక్స్ మీదుండే గాలిగొట్టంలోంచి లోపలికి లాగుతుంది. రెండు నిమిషాలే నీళ్లలో ఉన్న కారుకు నెల తర్వాత బేరింగ్ పోవడం వెనకున్న కారణాల్లో ఇదొకటి.

పైగా వరద నీళ్లు వట్టి నీళ్లు కావు. సన్నటి ఒండ్రు, ఇసుక, డ్రైనేజీ మురుగు, ఒక్కోసారి పెట్రోలు బంకుల్లోంచి కొట్టుకొచ్చిన నూనె.. అన్నీ కలిసి ఉంటాయి. నీళ్లు ఆరిపోతాయి, ఒండ్రు మాత్రం ఉండిపోతుంది. గ్రీజులో కలిసిన ఆ ఒండ్రే తర్వాత లోహాన్ని అరగదీస్తుంది.

చప్పుడు దేని వెంట వస్తోంది?

'కారు సౌండ్ వస్తోందన్నా' అని షెడ్డులో చెబితే మెకానిక్‌కు తెలిసేదేమీ ఉండదు. ఎక్కణ్నుంచి వస్తోందన్నది కూడా నమ్మదగ్గ ఆధారం కాదు. కారు బాడీ మొత్తం రేకే గనక వెనక చక్రం మోత ముందు సీటు కింద వినపడొచ్చు. ఆ చప్పుడు దేనితోపాటు పెరుగుతోంది, దేనితోపాటు తగ్గుతోంది అన్నది చూడాలి. అందుకు నాలుగు పరీక్షలున్నాయి.

ఒకటి: బండి ఆపి, న్యూట్రల్‌లో ఉంచి యాక్సిలరేటర్ నొక్కండి. చప్పుడు దాంతోపాటు పెరిగితే అది ఇంజిన్‌దో, దాని ముందుండే బెల్టులదో, ఫ్యానుదో, సైలెన్సర్‌దో. ఇప్పుడు క్లచ్ తొక్కి వదిలి చూడండి. తేడా వస్తే క్లచ్ బేరింగ్‌నో గేర్‌బాక్స్‌నో అనుమానించాలి.

రెండు: ఖాళీ రోడ్డు మీద 50, 60 కిలోమీటర్ల వేగంలో న్యూట్రల్ చేయండి. ఇంజిన్ శబ్దం తగ్గినా ఆ మోత అలాగే ఉండి, బండి నెమ్మదించేకొద్దీ తగ్గితే అది చక్రాలదే. ఈ పరీక్షలో ఇంజిన్ మాత్రం ఆపకూడదు. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు గట్టిపడుతుంది.

మూడు: బ్రేకు మీద కాలు ఆనించండి. చప్పుడు మారినా, ఆగినా, మొదలైనా బ్రేకుల్లో వెతకాలి.

నాలుగు: ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా కుడికి, తర్వాత ఎడమకు కొట్టి నెమ్మదిగా గుండ్రంగా తిప్పండి. ఒక వైపే చప్పుడొస్తే యాక్సిల్ జాయింటో వీల్ బేరింగో అయివుంటుంది.

ఈ నాలుగూ అయ్యేసరికి అనుమానితులు ఇద్దరో ముగ్గురో మిగులుతారు. ఫోన్‌లో ఆ చప్పుడు రికార్డు చేస్తూ 'ఇప్పుడు మూడో గేరు, నలభై స్పీడు' అని పైకి చెబితే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది. షెడ్డుకు వెళ్లగానే చప్పుడు మాయమవడం ఎలాగూ మామూలే!

గోల ఎక్కువ, ప్రమాదం తక్కువ

నీళ్లు దాటిన వెంటనే బానెట్ కింద కీచుమని అరుపు వినిపిస్తే చాలావరకు అది ఆల్టర్నేటర్‌ను, ఏసీ కంప్రెసర్‌ను తిప్పే బెల్టు. తడికి జారుతూ అరుస్తుంది. ఇంజిన్ వేడికి ఆరిపోయాక అదే ఆగిపోతుంది. మర్నాడు కూడా అరుస్తుంటే పుల్లీలో చేరిన ఒండ్రు కడిగించాలి. అప్పటికీ పోకపోతే టెన్షనర్ పుల్లీ, ఆల్టర్నేటర్ బేరింగ్ చూపించాలి.

రాత్రంతా నిలిపి ఉంచిన కారు ఉదయం కదిలీకదలగానే బ్రేకుల్లో గరగరమంటే కంగారు అక్కర్లేదు. డిస్కులు పోత ఇనుముతో చేసినవి. తడిసి ఆరితే ఒక్క రాత్రిలోనే పైన తుప్పు పొర కడుతుంది. పది పదిహేనుసార్లు బ్రేకు వేస్తే ప్యాడ్లే దాన్ని గీకేస్తాయి.

చక్రం తిరిగినంతసేపూ రేకు మీద మేకుతో గీసినట్టు సన్నగా వినిపించే చప్పుడు మరోటి. డిస్కు వెనకుండే పల్చటి రేకు కవచానికీ డిస్కుకూ మధ్య చిన్న రాయి ఇరుక్కుంటే ఇలా వస్తుంది. బండిని రెండు మీటర్లు వెనక్కి నడిపితే ఒక్కోసారి అదే రాలిపోతుంది. లేకపోతే చక్రం విప్పి తీయించాలి.

అడుగున లొడలొడ, పటపట అని కొట్టుకునే చప్పుడుకు కారణం ఎక్కువగా ప్లాస్టిక్కే. ఇంజిన్ కింది కవరు, చక్రాల పైనుండే లైనర్ నీటి తోపుడుకు క్లిప్పులు ఊడి వేలాడతాయి. ఖర్చు స్వల్పమే గానీ వదిలేస్తే టైరు కింద పడి చిరిగిపోతాయి.

స్టార్ట్ చేయగానే వెనక బుడబుడమంటూ తెల్లటి ఆవిరి వస్తే సైలెన్సర్లో నిలిచిన నీరు బయటికొస్తోందని అర్థం. కాసేపు నడిస్తే ఆరిపోతుంది. అడుగున గలగలమని ముక్కలు కదిలిన చప్పుడొస్తే మాత్రం వేరే సంగతి. ఎర్రగా కాలి ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్‌కు చల్లటి నీళ్లు తగిలితే లోపలి సెరామిక్ దిమ్మ పగలొచ్చు. దాన్ని మార్చాల్సిందే, అదీ ఖరీదైన వస్తువే.

బ్రేకు వేసినప్పుడు తలుపులోనో, కాళ్ల కింద గుమ్మం పట్టీలోనో నీళ్లు తొణికిన చప్పుడు వినిపిస్తే అడుగునున్న చిన్న కన్నాలు బురదతో మూసుకుపోయాయన్నమాట. సన్నటి పుల్లతో తీసేస్తే నీళ్లు కారిపోతాయి. వదిలేస్తే రేకు లోపల్నుంచి తుప్పు పడుతుంది.

చక్రాల దగ్గర మోత

వరద తర్వాత ఆలస్యంగా బయటపడేవాటిలో ముందు వరసలో ఉండేది వీల్ బేరింగ్. మొదట్లో 40 దాటాక సన్నగా ఝుమ్మంటుంది. టైర్ల చప్పుడేమో, రోడ్డు బాగాలేదేమో అనుకుంటాం. వారాలు గడిచేకొద్దీ మోత పెరిగి, ఏసీ వేసుకున్నా వినిపిస్తుంది.

ఏ చక్రమో తెలుసుకోవడానికి ఓ కిటుకుంది. బండి ఎడమకు తిరిగినప్పుడు బరువంతా కుడి చక్రాల మీదికి ఒరుగుతుంది. కాబట్టి ఎడమ మలుపులో మోత పెరిగితే కుడి వైపు బేరింగ్‌ను, కుడి మలుపులో పెరిగితే ఎడమ వైపు బేరింగ్‌ను అనుమానించాలి. షెడ్డులో జాకీ ఎత్తి చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపి చూస్తారు. ఆట కనపడితే బేరింగ్ పోయినట్టే. ఆట లేకపోయినా చక్రం తిప్పుతూ సస్పెన్షన్ స్ప్రింగు మీద చెయ్యి వేస్తే లోపలి గరుకుదనం వేళ్లకు తెలుస్తుంది. ఇప్పటి కార్లలో ఎక్కువ వాటికి సీల్ చేసిన బేరింగులే వస్తున్నాయి. విప్పి గ్రీజు పెట్టే వీలుండదు, కొత్తది వేయాల్సిందే. వాయిదా వేస్తూ పోతే అది వేడెక్కి బిగుసుకుపోతుంది. హైవే మీద చక్రం పట్టేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

బ్రేకుల గరగర వారం తర్వాత కూడా పోలేదంటే తుప్పు మీద నెపం వేసి ఊరుకోకండి. కాలిపర్ జారే పిన్నుల్లో ఒండ్రు చేరి, ప్యాడ్ డిస్కును వదలకుండా పట్టుకుని ఉండొచ్చు. ఐదారు కిలోమీటర్లు నడిపి దిగి, ఒక్కో చక్రం దగ్గర అరచెయ్యి కాస్త ఎడంగా పెట్టి చూడండి. డిస్కును ముట్టుకుంటే కాలుతుంది, జాగ్రత్త. ఒక చక్రం మిగతా వాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడే పట్టేసింది.

మన దగ్గర చాలా చిన్న కార్లకు వెనక డ్రమ్ బ్రేకులే ఉంటాయి. డ్రమ్ములోకి వెళ్లిన బురద తనంతట తాను బయటికి రాదు. బ్రేకు లైనర్లకూ డ్రమ్ముకూ మధ్య నలుగుతూ రెంటినీ తినేస్తుంది. నీళ్లలోంచి వచ్చిన కారుకు డ్రమ్ములు విప్పి కడిగించడం తప్పనిసరి పని. ఇంకో మాట. తడిసిన బ్రేకులతో హ్యాండ్ బ్రేక్ లాగి రాత్రంతా వదిలేస్తే లైనర్లు తుప్పుతో డ్రమ్ముకు అతుక్కుపోతాయి. ఉదయం 'ఠక్'మని పెద్ద చప్పుడుతో గానీ బండి కదలదు. ఆ రాత్రికి సమతలంగా ఉన్న చోట గేరులో ఉంచి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టడం మేలు.

ఏబీఎస్ ఉన్న కార్లలో మరో వింత చూస్తాం. ఆగబోయే ముందు, పది కిలోమీటర్ల వేగంలో, బ్రేకు పెడల్ టరటరమని అదురుతుంది. చక్రం దగ్గరి సెన్సర్ మీద బురద పేరుకుంటే కంప్యూటర్‌కు చక్రం జారుతోందన్న తప్పుడు కబురు వెళ్తుంది. సెన్సర్ తుడిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది.

మలుపులో టకటక, స్పీడ్ బ్రేకర్ మీద లొడలొడ

స్టీరింగ్ పూర్తిగా కట్ కొట్టి బండి కదిలించగానే చక్రం తిరిగిన లయలోనే టక్, టక్, టక్‌మంటే అది యాక్సిల్ చివర ఉండే సీవీ జాయింట్. దాని మీద గ్రీజును కాపాడే రబ్బరు బూటు ఉంటుంది. నీళ్ల అడుగున కనపడని రాయో, కొట్టుకొచ్చిన చువ్వో తగిలి బూటు చిరిగితే గ్రీజు బయటికి పోయి ఇసుక లోపలికి వస్తుంది. చప్పుడు రాకముందే బూటు చిరిగిన సంగతి పట్టుకుంటే కడిగి, కొత్త గ్రీజు పెట్టి, కొత్త బూటు వేస్తే సరిపోతుంది. టకటక మొదలయ్యాక జాయింటే మార్చాలి. అందుకే నీళ్లు దాటిన వారంలో ఓసారి బండిని ర్యాంపు ఎక్కించి నాలుగు బూట్లూ చూపించుకోవడం లాభసాటి.

స్పీడ్ బ్రేకర్ల మీద లొడలొడమంటే స్టెబిలైజర్ లింకులు, కింది ఆర్మ్ బాల్ జాయింట్లు అరిగినట్టు. వాటి రబ్బరు తొడుగుల్లోకి నీళ్లు చేరితే గ్రీజు పాడై ఆట పెరుగుతుంది. లింకులు పోతే విసుగు తెప్పిస్తాయి, అంతే. బాల్ జాయింట్ పోతే చక్రమే పక్కకు పడిపోయే ప్రమాదం ఉంది. రెండింటి చప్పుడూ ఒకలాగే వినపడుతుంది కాబట్టి ర్యాంపు మీద చూడకుండా తేల్చకూడదు.

ఇంజిన్ లోపల

అన్నింటికంటే ఖరీదైన చప్పుడు ఇక్కడిదే. దీని మూలం నీళ్ల మధ్యలో చేసిన ఒక్క పనిలో ఉంటుంది. షెడ్డులో మెకానిక్ అడిగే మొదటి ప్రశ్న కూడా అదే: 'బండి ఆగాక మళ్లీ సెల్ఫ్ కొట్టారా సార్?'

గాలిని నొక్కితే కుదించుకుంటుంది, నీళ్లు కుదించుకోవు. మొత్తం కథ ఇంతే. 1200 సీసీ, నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ వాటా 300 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి 11:1 అయితే పిస్టన్ పైకి వచ్చేసరికి మిగిలే చోటు 30 సీసీ మాత్రమే. అంటే రెండు పెద్ద చెంచాలు. అంతకు మించి నీళ్లు లోపల ఉన్నప్పుడు పిస్టన్ పైకి వస్తే ఆగిపోవాలి, లేదా ఏదో ఒకటి వంగాలి. డీజిల్ ఇంజిన్లలో నిష్పత్తి 16:1 దాకా, అంతకుమించీ ఉంటుంది కాబట్టి ఆ చోటు ఇంకా ఇరుకు. నిమిషానికి 3 వేల చుట్లు తిరుగుతున్న ఇంజిన్‌లో పిస్టన్ సెకనుకు 50 సార్లు పైకి వస్తుంది. ఆ వేగంలో నీళ్లు తగిలితే ముందు వంగేది కనెక్టింగ్ రాడ్. హైడ్రోస్టాటిక్ లాక్ అంటే ఇదే.

సెల్ఫ్ కొడితే 'టక్' అని ఒక్కసారి మోగి, ఇంజిన్ కదలకుండా ఉండిపోతే అక్కడితో ఆపేయాలి. బ్యాటరీ డౌన్ అయినప్పుడు వచ్చే కటకట వేరు. అప్పుడు లైట్లు కూడా మసకబారతాయి. లైట్లు బాగా వెలుగుతూ ఇంజిన్ మాత్రం బిగుసుకుపోయిందంటే లోపల నీళ్లున్నట్టే లెక్క వేసుకోవాలి. గేరులో వేసి తోయించి స్టార్ట్ చేయడం అంతకంటే పెద్ద తప్పు. పెట్రోలు బండికి స్పార్క్ ప్లగ్గులు, డీజిల్ బండికి ఇంజెక్టర్లో గ్లో ప్లగ్గులో విప్పి, ఇంజిన్‌ను స్పానర్‌తో చేత్తోనే తిప్పి నీళ్లు కక్కించాలి. అది షెడ్డులో చేయాల్సిన పని.

రాడ్ కొద్దిగా వంగినా ఇంజిన్ స్టార్ట్ అవుతుంది! అదే అసలు మోసం. వంగిన రాడ్ పొట్టిదవుతుంది. పిస్టన్ పైకి పూర్తిగా చేరదు కాబట్టి ఆ సిలిండర్లో కంప్రెషన్ తగ్గి బండి ఐడ్లింగులో కాస్త వణుకుతుంది. కిందికి దిగినప్పుడు పిస్టన్ అంచు క్రాంక్ బరువులకు తగిలే ప్రమాదం ఉంది. అప్పుడు యాక్సిలరేటర్‌తోపాటు పెరిగే టిక్కు టిక్కు చప్పుడు వస్తుంది. వేడెక్కాక కూడా అది పోదు. అలా నెలల తరబడి నడిచి, ఓ రోజు రాడ్ విరిగి ఇంజిన్ బ్లాకును చీల్చుకుని బయటికొచ్చిన బండ్లున్నాయి. నీళ్లలో ఆగిన బండికి, చప్పుడున్నా లేకున్నా, అన్ని సిలిండర్లలో కంప్రెషన్ పరీక్ష చేయించడం ఒక్కటే దీనికి విరుగుడు.

ఇక బరువుగా, లోతుగా దడ్ దడ్‌మనే మోత వస్తే క్రాంకు బేరింగులను అనుమానించాలి. ఆయిల్‌లో నీళ్లు కలిస్తే దానికి లోహాల మధ్య పొరగా నిలిచే శక్తి పోతుంది. తాళం వేయకముందే డిప్‌స్టిక్ బయటికి తీసి చూడండి. ఆయిల్ మజ్జిగలా తెల్లబారినా, గీత దాటి పైకి పెరిగినా స్టార్ట్ చేయకూడదు. ఆయిల్, ఫిల్టర్ మార్చి కాసేపు నడిపించి మళ్లీ మార్చాలి. ఒక్కసారి మారిస్తే మూలమూలల్లో మిగిలిన తడి పోదు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడడం కూడా మర్చిపోవద్దు. ఫిల్టర్ తడిగా ఉంటే నీళ్లు గుమ్మం దాకా వచ్చినట్టు.

క్లచ్, గేర్‌బాక్స్

క్లచ్ తొక్కగానే కిర్రుమని, వదలగానే ఆగిపోతే రిలీజ్ బేరింగ్‌లో నీళ్లు చేరాయి. కొన్నాళ్లు అరుస్తూనే పనిచేస్తుంది గానీ మార్చక తప్పదు. వారాలపాటు కదలని కారులో క్లచ్ ప్లేటు తుప్పుతో అతుక్కుపోతే గేరు వేస్తుంటేనే కరకరమంటుంది. బలవంతంగా గేరు తోయకూడదు.

నడుస్తున్నప్పుడు ఫలానా గేరులోనే కూయ్‌మని సాగే సన్నటి కూత వింటే గేర్ ఆయిల్ చూపించాలి. గేర్‌బాక్స్‌కు ఇంజిన్‌కున్నట్టు డిప్‌స్టిక్ చాలా కార్లలో ఉండదు. అందుకే దాని సంగతి ఎవరికీ గుర్తుండదు. అడుగు భాగం మునిగేంత నీళ్లలో నడిచిన బండికి ఆ ఆయిల్ మార్పించేయడమే చవక. ఆటోమేటిక్ బండ్లయితే మరింత తొందరపడాలి. టార్క్ కన్వర్టర్ రకం గేర్‌బాక్సుల్లో క్లచ్ పలకల మీద అంటించి ఉండే పొర నీళ్లకు ఊడివస్తుంది. ఒకసారి ఊడటం మొదలైతే ఆయిల్ మార్చినా ఆగదు.

కరెంటు చప్పుళ్లు

డాష్‌బోర్డు వెనక టిక్‌టిక్‌మని రిలేలు వాటంతటవే కొట్టుకుంటున్నా, వైపర్ తనంతట తిరిగినా, హారన్ గొంతు బొంగురుపోయినా కనెక్టర్లలో తడి ఉందన్నమాట. హారన్ ఆరితే పలుకుతుంది. కనెక్టర్లు ఆరినా వాటి పిన్నుల మీద పచ్చటి చిలుం పట్టి, ఆర్నెల్ల తర్వాత తంటాలు తెస్తాయి. కార్పెట్ ఎత్తి చూడాలి. కింది స్పాంజి తడిగా ఉంటే అక్కడ పరిచిన వైరింగ్ కూడా తడిలోనే ఉన్నట్టు. స్టార్ట్ అయ్యాక కూడా సెల్ఫ్ మోటార్ గిర్రుమంటూ తిరుగుతుంటే దాని పళ్లచక్రం బురదకు ఇరుక్కుంది. బ్యాటరీ వైరు తీసేసి షెడ్డుకు కబురు పంపాలి.

ఎలక్ట్రిక్ కారుకు గాలి పీల్చే ఇంజిన్ లేదు కాబట్టి రాడ్లు వంగే బెడద లేదు. బ్యాటరీకి ఐపీ67 గుర్తు ఉందని మాత్రం ధీమా పడొద్దు. మీటరు లోతు మంచినీళ్లలో అరగంట తట్టుకుంటుందని పరీక్షశాలలో తేలిందనే ఆ గుర్తుకు అర్థం. మురుగునీళ్లలో పూటంతా ఉంచమని కాదు. బేరింగులు, బ్రేకుల చప్పుళ్లు ఈ కార్లకూ మామూలే. వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేస్తుంది గనక బ్రేకు ప్యాడ్లకు పని తక్కువ, డిస్కుల మీది తుప్పు పోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. నారింజ రంగు కేబుళ్ల జోలికి మాత్రం రోడ్డు పక్క మెకానిక్‌ను వెళ్లనివ్వకండి. వాటిలో ఉండేది వందల వోల్టుల కరెంటు.

బీమాతో పేచీ ఎక్కడ?

థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే వరద నష్టానికి రూపాయి రాదు. సమగ్ర పాలసీలో వరద నష్టం ఉంటుంది, కానీ నీళ్లలో ఆగిన ఇంజిన్‌ను మళ్లీ తిప్పడం వల్ల రాడ్లు వంగితే అది వరద వల్ల జరిగింది కాదు, తర్వాత చేసిన పని ఫలితం అని కంపెనీలు కొట్టేస్తాయి. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉన్నది దీనికోసమే. జీరో డిప్రీషియేషన్ ఉంది కదా అని ఊరుకుంటే కుదరదు, రెండూ వేరు. జీరో డిప్రీషియేషన్ కూడా లేకపోతే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు, బ్యాటరీ ఖరీదులో సగం మనమే భరించాలి. మరమ్మతు ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే బండి మొత్తంగా పోయినట్టు లెక్కగట్టి సెటిల్ చేస్తారు.

ఆలస్యంగా వచ్చే చప్పుళ్లతోనే ఇక్కడ తకరారు. నెల తర్వాత పోయిన బేరింగ్‌ను వరదకు ముడిపెట్టడం కష్టం. నీటి గీత కనిపించేలా, తేదీతో సహా ఫొటోలు మొదటి రోజే తీసుకోండి. కంపెనీకి వెంటనే తెలియజేయండి. సర్వేయర్ వచ్చినప్పుడు గేర్ ఆయిల్, బేరింగులు, బ్రేకు డ్రమ్ములు విప్పి చూడమని అడగండి. ఆ తనిఖీ ఆయన రిపోర్టులోకి ఎక్కేలా చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లకు

పెద్ద వరద వచ్చిన ఏడాదిలో మునిగిన కార్లు రంగులు దిద్దుకుని పక్క జిల్లాల సంతలకు, పక్క రాష్ట్రాలకు చేరతాయి. ధర చవకగా ఉందని తొందరపడకండి. సీటు బెల్టును చివరిదాకా లాగితే లోపలి మడతలో ఒండ్రు చార కనిపించొచ్చు. స్టెప్నీ గుంట, సీటు పట్టాల తుప్పు, డాష్‌బోర్డు కింద వైర్ల మీద బురద చూడండి. ఆ తర్వాత పాటలు కట్టేసి, అద్దాలు దించి, పైన చెప్పిన నాలుగు పరీక్షలూ చేయండి. సీటు కవర్లు మార్చినవాడు బేరింగులు మార్చి ఉండడు.

ముందు జాగ్రత్త మాటకొస్తే, అడుగు లోతు పారే నీళ్లు చాలా కార్లను తేల్చేస్తాయి, రెండడుగుల ప్రవాహం ఎస్‌యూవీలను సైతం కొట్టుకుపోతుంది. కాబట్టి పారే నీళ్లలోకి దిగకపోవడమే తెలివి. నిలిచిన నీళ్లు దాటక తప్పకపోతే మొదటి గేరులో, మనిషి నడిచే వేగంతో, మధ్యలో గేరు మార్చకుండా వెళ్లాలి. దాటాక బ్రేకు నాలుగైదుసార్లు తేలిగ్గా నొక్కి ఆరబెట్టుకోవాలి. బండి మధ్యలో ఆగిందా, స్టార్ట్ చేయబోకుండా న్యూట్రల్‌లో ఉంచి తోయించండి. ఆ ఒక్క సెల్ఫ్ కొట్టకుండా ఓర్చుకుంటే మిగిలేది ఇంజిన్ ఖరీదు.

వరద నీళ్లు దాటిన కారును చప్పుడు లేకపోయినా వారంలోపు ర్యాంపు ఎక్కించండి. ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, బూట్లు, డ్రమ్ములు, ఎయిర్ ఫిల్టర్.. ఈ ఐదూ చూపించండి. గోల చేసే చప్పుడుకు మెకానిక్ దగ్గరికి ఎలాగూ వెళ్తారు. సన్నగా మొదలై రోజురోజుకూ పెరిగే చప్పుడుకు అంతకంటే ముందే వెళ్లండి.